నలభై రెండో నెంబరు అట్ట

బావ పోయాడన్న కబురు నాకు కంచరపాలెం మీదుగా వచ్చింది. అనకాపల్లిలో మా రెండిళ్ళకీ మధ్య రెండే వీధులు. కానీ ఆ రోజు నేను నక్కపల్లి హైస్కూల్లో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాను. బైండింగు కొట్లో పని చేస్తూ చేస్తూనే బావ బల్ల మీదికి ఒరిగిపోయాడట. పక్క కొట్టువాళ్ళెవరో ఆయన సెల్‌ఫోను తీసి, అందులో కనపడ్డ మొదటి నెంబరుకి కొట్టారు. అది కంచరపాలెంలో పాత కాగితాల గోడౌను నడిపే సాయిబుగారిది. ఆయన నాకు ఫోను చేసి, "మాష్టారూ, మన బైండింగాయన గుండె ఆగిపోయిందంట" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. ముందుగా వచ్చిన ఆలోచన చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు, అయినా చెబుతాను. "మరి ఆ బీరువా ఎవరికి?" అనుకున్నాను. రెండో ఆలోచన, ఆ ఫోనులో నా నెంబరు ఎన్నోదై ఉంటుందా అని. తరవాత కనుక్కున్నాను. నాలుగోది.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. బావ విషయంలో ఆ సామెత పనికిరాదు. ఆయన కళ్ళు బతికుండగానే చారెడు, అదే కదా నా ఏడుపు.

బావ నాకు చుట్టం కాదు. మా వైపు మగవాళ్ళు నలుగురు ఒకచోట టీ తాగితే, లేచేసరికి ఇద్దరు బావలూ ఇద్దరు మామలూ అయిపోతారు. ఆయనది దేవరాపల్లి వైపు నుంచి వచ్చి అనకాపల్లిలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. మాది అదే వైపు చెరుకు పండించుకునే ఇల్లు. ఆయన పదో తరగతి. నేను ఎమ్మే, బీయీడీ. ఇద్దరికీ ఒకటే పిచ్చి, యుద్ధ విమానాల చరిత్ర పుస్తకాలు. ఇద్దరం ఒక్కసారైనా విమానం ఎక్కలేదు.

ఇంత చిన్న ఊళ్ళో ఒకే పిచ్చి ఉన్నవాళ్ళు ఇద్దరుంటే ప్రాణస్నేహితులవుతారని మీరు అనుకోవచ్చు. అయ్యాం. కానీ ఒకే పుస్తకం రెండు బీరువాల్లో ఉండదు కదా. విశాఖపట్నంలో నేవీలో పెద్ద ఉద్యోగాలు చేసి బదిలీ మీద వెళ్ళిపోయేవాళ్ళు సామాను తగ్గించుకోవడానికి పుస్తకాలు తీసేసేవారు. అవి పాత పేపర్లతో కలిసి మూటలుగా సాయిబుగారి గోడౌనుకి చేరేవి. మూట శనివారం సాయంత్రం విప్పేవారు. ఆదివారం పొద్దున్న బావ చర్చిలో ఉండేవాడు. నేను మొదటి బస్సులో ఉండేవాణ్ణి. దేవుడు ఆయనకి అడ్డం, నాకు సాయం అనుకునేవాణ్ణి.

అంత పొద్దున్నే వెళ్ళినా ఏం లాభం? సాయిబుగారు మంచి పుస్తకాలన్నీ ముందే తీసి, బైండింగాయనకని పక్కన పెట్టేసేవాడు. ఎందుకంటే గోడౌను లెక్కల పుస్తకాలకీ, వాళ్ళ ఇంట్లో చిరిగిన ఖురానుకీ బైండు వేసింది బావే. నేను సాయిబుగారికి ఏం చేశాను? ఆయన కొడుక్కి సోషల్లో మార్కులెందుకు తగ్గాయో ఒక ఉపన్యాసం ఇచ్చాను.

ఆ బీరువా గురించి చెప్పాలి. గాజు తలుపులు, ఆరు అరలు, ఎనభై ఆరు పుస్తకాలు. పేర్లు పైకి కనబడవు. ప్రతి పుస్తకానికీ తెల్లటి అట్ట, వీపు మీద నల్ల సిరాతో నెంబరు, అంతే. ఏ నెంబరు ఏ పుస్తకమో బావకే తెలుసు. ఆ అట్టలు ప్రెస్సులో పాడైన క్యాలెండర్ల కాగితాలు. తెల్ల వైపు బయటికి, బొమ్మ వైపు లోపలికి. బాంబర్ల పుస్తకం అట్ట విప్పితే బెల్లం దుకాణం వాళ్ళ క్యాలెండరు మీది నూకాలమ్మ. ఫైటర్ల పుస్తకం లోపల గొర్రెపిల్లని భుజాన వేసుకున్న యేసుప్రభువు. "ఏటి బావా, దేవుళ్ళని యుద్ధానికి పంపించేవు?" అని ఎకసెక్కం చేస్తే, "అయి కాపలా కాత్తన్నాయి బావా, నీ దిష్టి తగలకుండా" అనేవాడు.

దిష్టి మాట ఆయన నోట తరచు వచ్చేది. "మేం పార్థనోళ్ళం, మాకు దిష్టి నమ్మకం లేదు. నీ ఒక్కడి దిష్టికి మాత్తరం మినాయింపు" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

పుస్తకం బయటికి ఇచ్చేవాడు కాదు. చదవాలంటే అక్కడే, వసారాలో స్టూలు మీద కూచుని చదవాలి. దానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నేను స్కూలు మాష్టార్ని, నాకు చేతులు కడుక్కోమని చెబుతాడా అని మొదట్లో మండిపోయేది. ఆయన చేతులు మాత్రం ఎప్పుడూ నీలంగానే ఉండేవి. బైండింగుకి వాడే మైదా పేస్టులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. ఆ నీలం ఎంత కడిగినా గోళ్ళ సందున ఉండిపోయేది.

నా బీరువాలో కూడా పుస్తకాలున్నాయి, అరవై చిల్లర. వాటిలో చూడ్డానికి బావున్నవన్నీ ఆయన కుట్టినవే. కుట్లు ఊడి, పేజీలు రాలిపోతున్న పుస్తకం పట్టుకెళ్తే, రెండు వారాల్లో కొత్తదానిలా తిరిగొచ్చేది. ఇచ్చేటప్పుడు తల్లి బిడ్డని అత్తారింటికి పంపుతున్నట్టు ఒకసారి నిమిరి ఇచ్చేవాడు. ఇంటికి తెచ్చుకుని చూసుకుంటే అది నా పుస్తకంలా ఉండేది కాదు, ఆయన నాకు అరువిచ్చినట్టుండేది.

ఇంగ్లీషు ఆయనకి రాదు. పక్కన డిక్షనరీ పెట్టుకుని రోజుకి ఒక్క పేజీ చదివేవాడు. నేను వారంలో పుస్తకం ముగించి గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆరు నెలల తరవాత అదే పుస్తకం గురించి మాట్లాడితే, నాకు గుర్తున్నది బొమ్మలు, ఆయనకి గుర్తున్నది మనుషులు. ఏ ఇంజను ఎందుకు వేడెక్కేదో, ఏ కుర్ర పైలట్టు తల్లికి ఏం ఉత్తరం రాశాడో చెప్పేవాడు. "నువ్వు బస్సులో ఎల్లేవు బావా, నేను నడిసెల్లేను. నడిసినోడికి ఊళ్ళు తెలుత్తాయి" అన్నాడొకసారి. ఆ మాట నేనని ఉంటే ఎంత బావుండేదో అనుకున్నాను. తరవాత స్కూల్లో నా మాటగానే వాడుకున్నాను కూడా.

ఒకసారి మా స్కూల్లో సైన్సు ప్రదర్శన పెడితే ఆయన్ని పిలిచాను. పిలవకుండా ఉండాల్సింది. ఒక క్యాలెండరు కాగితం తీసి మడతలు పెట్టి, విమానం రెక్క పైన ఎందుకు వంపు ఉంటుందో, నోటితో ఊది చూపించాడు. పిల్లలు బెల్లం చుట్టూ చీమల్లా మూగారు. నా క్లాసు పిల్ల ఒకతె, "సార్, మీకు ఇయన్నీ తెలిసి కూడా మాకెప్పుడూ సెప్పలేదేటి?" అని నన్నే అడిగింది. బస్సులో తిరిగొస్తూ బావతో మాట్లాడలేదు. తలనొప్పి అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి.

బావ వాళ్ళ నాన్న అప్పటికి బతికే ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విశాఖపట్నంలో విమానాలు దిగే మైదానం చదును చేయడానికి మట్టి తట్టలు మోసినవాడు. స్టేషను రోడ్డులో టీ కొట్టు దగ్గర ఒక సాయంత్రం ఆ కబుర్లు చెబుతూ, "రెండు ఒళ్ళు, రెండు తోకలు ఉన్న ఇమానం ఒకటి దిగింది బాబూ. మద్దిన గుడ్డులాంటి గదిలో ఒక్కడే దొర. సక్రాలు రాక పొట్ట మీద జారిపోనాది. మా సేత తాళ్ళు కట్టించి లాగించేరు" అన్నాడు. చుట్టూ పదిమంది వింటున్నారు. నేను మాష్టార్ని కదా, ఊరుకోలేకపోయాను.

"అలాంటి విమానం ఉంది మావా, లేదనను. గాని అది అమెరికావాళ్ళది. ఇటు రానే లేదు. మీరు ఏ సినిమాలోనో చూసుంటారు" అన్నాను.

అందరూ నవ్వారు. ముసలాయన గ్లాసు కింద పెట్టేశాడు. బావ ఆయన చెయ్యి పట్టుకుని లేపాడు. వెళ్ళబోయే ముందు నా వైపు తిరిగి, కోపం లేకుండానే అన్నాడు.

"నాన్న అబద్దం ఆడ్డు బావా. పుస్తకం దొరకలేదంతే."

ఆ తరవాత ముసలాయన ఆ కథ మళ్ళీ ఎవరికీ చెప్పలేదట. మరుసటేడు పోయాడు.

అప్పటినుంచి బావ పుస్తకం చేతికి రాగానే వెనకనుంచి తెరవడం మొదలుపెట్టాడు. ఇలాంటి పుస్తకాల చివర పేర్ల పట్టిక ఉంటుంది, ఏ ఊరు ఏ పేజీలో వచ్చిందో. బావ దాన్ని ఇండెక్సు అనేవాడు. ఇంగ్లీషు 'వి' అక్షరం దగ్గరికి వెళ్ళి, అప్పట్లో తెల్లవాళ్ళు రాసినట్టు 'విజగపట్నం' అని ఉందేమో వేలు పెట్టి వెతికేవాడు. లేకపోతే అక్కడ పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేవాడు. "ముందర పేజీల్లో అందరూ గొప్పలే సెప్తారు బావా. ఎనక పేజీల్లోనే మనోళ్ళుంటారు" అనేవాడు. ఒక్కో పుస్తకానికి ఒక్కో చుక్క. అన్నేళ్ళలో ఆ పేరు దొరకలేదు. దొరకనందుకు నాకు లోలోపల హాయిగా ఉండేది, ఎందుకు దాచడం.

ఆయన నలభై ఒకటో నెంబరు, రెండు భాగాల పుస్తకంలో మొదటిది. ఆసియాలో జరిగిన విమాన యుద్ధం గురించి. దానికి ఇండెక్సు లేదు. బైండరు కదా, ఆయనకి తెలుసు. రెండు భాగాల పుస్తకానికి పట్టిక రెండో దాని చివరే కుడతారు. ఆ రెండో భాగం కనబడితే చాలు, ఎప్పటికైనా దాచిపెట్టమని సాయిబుగారికి చెప్పి ఉంచాడు.

అయిదేళ్ళ కిందటి ఈస్టరు ఆదివారం, ఎప్పటిలాగే మొదటి బస్సులో కంచరపాలెం వెళ్ళాను. సాయిబుగారి బల్ల కింద, పాత చీర ముక్కలో చుట్టి ఉంది. పైన వేలాడుతున్న చీటీ మీద బావ పేరు. నేను గుడ్డ తొలగించి చూశాను. రెండో భాగం.

"అది బైండింగాయనది మాష్టారూ. పండగ కదా, సాయంత్రం వత్తానన్నాడు" అన్నాడు సాయిబుగారు.

"ఆయనే పంపించేడండీ. చర్చి పని మీద రాలేకపోతన్నాడు, తెచ్చీమన్నాడు" అన్నాను.

ఇంత సులువుగా వచ్చింది అబద్ధం. ముప్పై ఏళ్ళు పిల్లల చేత 'సత్యమేవ జయతే' రాయించిన చేత్తో ఆ చీర ముక్క సంచిలో పెట్టుకున్నాను. వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి చూస్తే చర్చిల ముందు జనం తెల్లబట్టల్లో ఉన్నారు.

మర్నాడు బావ మా ఇంటికొచ్చాడు. పండక్కి చేసిన స్వీటు తెచ్చాడు.

"ఏటి బావా, నిన్న కంచరపాలెం ఎల్లేవట?"

"ఆఁ. ఏవీ లేవు బావా. అన్నీ పాత గైడ్లే."

"అలాగా" అన్నాడు. స్వీటు బావుందా అని అడిగి వెళ్ళిపోయాడు.

ఆ పుస్తకాన్ని నా బీరువాలో పెట్టుకోలేకపోయాను. ఆయన వచ్చి చూస్తాడు కదా. మంచం కింద ట్రంకు పెట్టెలో దాచి, తలుపేసుకుని చదివాను. చివర పట్టిక తెరిచాను. 'వి'. విజగపట్నం ఉంది. పక్కనే పేజీ నెంబరు. తిప్పితే ఒక ఫొటో. రెండు ఒళ్ళు, రెండు తోకలు. పొట్ట మీద కూలబడిన విమానం. దాని చుట్టూ గోచీలు కట్టుకున్న కూలీలు, చేతుల్లో తాళ్ళు, పక్కన బోర్లించిన మట్టి తట్టలు.

దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. చెప్పాలంటే పుస్తకం నా దగ్గరెలా ఉందో చెప్పాలి. పదిమందిలో ఒక ముసలాయన్ని అబద్ధాలకోరుని చేశానని ఒప్పుకోవాలి. ఇవన్నీ సాకులే. అసలు సంగతి, బావ గెలుస్తాడు. అది నేను భరించలేకపోయాను. రేపు చెబుదాం, క్రిస్మస్‌కి చెబుదాం అనుకుంటూ అయిదేళ్ళు గడిపాను.

బావ నెలకోసారి అడుగుతూనే ఉండేవాడు. "ఏటి బావా, కొత్తగా ఏటైనా సదివేవా?" అని. అడిగి కాసేపు ఆగేవాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ. నేను స్కూలు తనిఖీల గురించో, పదో తరగతి ఫలితాల గురించో మొదలుపెట్టేవాణ్ణి. మర్యాదకి అడుగుతున్నాడనుకున్నాను.

బావ కోసం చర్చివాళ్ళు ప్రార్థన పెట్టిన ఆదరణ కూడిక అయిన వారానికి అప్ప కబురు పెట్టింది. మా వైపు అక్కని అప్ప అంటాం. బావ భార్యని నేను అలాగే పిలుస్తాను. "మీ బావ పుస్తకాలు నాకేటి తెలుత్తాయి తమ్ముడూ. నీకు కావలసినయి తీసుకో" అంది.

రెండు గోనె సంచులు పట్టుకెళ్ళాను. ఇది కూడా రాయాలనే రాస్తున్నాను.

అలవాటు కొద్దీ ముందు పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. అప్ప సబ్బు అందించింది. బీరువా తెరిస్తే మైదా, మైలుతుత్తం వాసన. నలభై ఒకటి తీశాను. దాని పక్కన నలభై రెండు ఉంది. అదే తెలుపు, అదే నల్ల సిరా. లాగితే చేతికి బరువు తగల్లేదు. లోపల పుస్తకం లేదు. పడిపోకుండా దళసరి అట్టముక్కలు పెట్టి నిలబెట్టిన ఖాళీ అట్ట అది.

"ఇదేటప్పా?" అన్నాను.

"అది నీ కాడున్న పుస్తకానిది కదా" అంది అప్ప. దెప్పుతున్నట్టు కాదు, ఉప్పెక్కడుందో చెప్పినట్టు చెప్పింది. "ఆ పండగ సాయంత్రమే సాయిబుగారు సెప్పేడు, మాష్టారొచ్చి అట్టుకెల్లేరని. ఎల్లి అడుగు అని నేను పోరేను. అడిగితే బావ మన ముందర తలొంచుకోవాల, వద్దే అన్నాడు. ఆయన కాడుంటే ఫరవాలేదు, మనకంటే ఇంగ్లీసు బాగా సదువుతాడు. అందులో నాన్న ఇమానం ఉంటే ఆయనే వచ్చి సెప్తాడు అన్నాడు."

నేను ఆ ఖాళీ అట్టని మళ్ళీ బీరువాలో పెట్టబోయాను.

"మరి ఏవీ లేదు కదా తమ్ముడూ అందులో?" అంది. "ఉంటే సెప్పుందువు."

గోనె సంచులు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. యాభై ఏళ్ళు దాటాక వీధిలో పరుగెత్తే మాష్టార్ని చూసి ఎవరేమనుకున్నారో తెలియదు. ట్రంకు పెట్టెలోంచి పుస్తకం తెచ్చి నలభై రెండో అట్టలో దూర్చాను. అంచుకి అంచు సరిపోయింది. జత పుస్తకాలు ఒకే కొలతలో ఉంటాయి కదా, మొదటి దాన్ని పెట్టి బావ అట్ట కత్తిరించుకున్నాడు. ఆ ఫొటో ఉన్న పేజీ తెరిచి పుస్తకం అప్ప చేతికిచ్చాను. ఎప్పుడు చూశానో కూడా చెప్పాను. అయిదేళ్ళు అన్నప్పుడు ఆమె ఒక్కసారి నా మొహం కేసి చూసింది.

ఆమె బల్ల మీదున్న బావ కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకాన్ని వెలుతురు కోసం గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళింది. చాలాసేపు చూసింది.

"ఇందులో మావయ్య ఎవరు తమ్ముడూ?" అంది.

ప్రతిదానికీ జవాబున్నవాణ్ణి. "తెలీదప్పా" అన్నాను.

ఆమె వేలు పెట్టి ఒక్కొక్కరినే చూస్తోంది. "ఇతను కాదు, మావయ్య పొట్టి. ఇతనా? కాదు, ఎడం సెయ్యి వాటం మావయ్యది…" తాడు పట్టుకున్న ఆ మనుషుల మొహాలు గోరంత కూడా లేవు. ఆమె వేలు ఆగలేదు.

మా నాన్న కూడా చెరుకు గానుగ దగ్గర కూచుని ఏవేవో కథలు చెప్పేవాడు. నేను పుస్తకంలోంచి తలెత్తకుండా ఊఁ కొట్టేవాణ్ణి. వాటిలో ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. గుమ్మంలో నిలబడి, అప్ప వేలు ఒక మనిషి మీది నుంచి ఇంకో మనిషి మీదికి జరుగుతుంటే చూస్తున్నాను. వాళ్ళలో ఎవరో ఒకరు మా నాన్న అయితే బావుణ్ణనిపించింది.